గీటు లోపలి మన్ను

ఫాల్గుణమాసము ప్రవేశించి పది దినములైనది. వర్షకాలమున రెండు గట్టులనొరసి పాఱిన పెన్నానది యిప్పుడు తన జలసంపదనంతయు నొక్క సన్నని పాయలోనికి ముడుచుకొని విశాలమైన యిసుకమేటల నడుమ ఆరవేసిన నీలిచీర యంచువలె కానవచ్చుచుండెను. ప్రభాతసమీరము చలువను పూర్తిగా విడువలేదు గాని యెండ మాత్రము వేసవి తన వెనుకనే వచ్చుచున్నదని చాటుటకో యన్నట్లు తొలిజామునందే పదునెక్కుచుండెను. దక్షిణపు గట్టున దువ్వలపాళెమను కుమ్మరుల పల్లెలో ప్రతి వాకిటను పచ్చిమట్టి చట్లును ఉప్పుపిడతలును పెరుగుముంతలును మూకుళ్ళును విస్తళ్ళకొఱకు వేచియున్న పిల్లలవలె బారులు తీరి యెండ కాగుచుండెను.

ఆ పల్లెలో గురవయ్య యను కుమ్మరి సారె త్రిప్పుటయందు ఎంతటి నేర్పరియో అతని భార్య వెంగమ్మ ఆ సరకును సంతలో అమ్ముటయందు అంతటి నేర్పరి. ఏబది యేండ్లు దాటిన యా యిల్లాలు ప్రతి శనివారమును తలస్నానము చేసి కొండమీది నరసింహస్వామిని తలచుకొని గంపనెత్తికొని సంతకు పోయి తాటాకుపందిరి క్రింద తన మట్టిపాత్రలను పఱచుకొని కూర్చుండెడిది. ఆమె చట్టిని కంటితో కాక చెవితో చూచునని సంతలో వాడుక. వ్రేలి కణుపుతో నొక్కమాఱు తట్టి కంగున మ్రోగినదానినే కొనువారి చేతికిచ్చి గొంతు బొంగురువోయినదానిని వెనుకకు దాచి యింటికి మరల్చెడిది.

ఆ యింటికింకొక గౌరవమును కలదు. చైత్రపౌర్ణమినాడు కొండపై స్వామికి పొంగలి నివేదించునట్టి నూటయెనిమిది చట్లును గురవయ్య తాతముత్తాతల నాటినుండియు ఆ యింటి ఆవములోనే కాలి కొండనెక్కుచుండెను. అందుచేత వారిని చుట్టుప్రక్కల పల్లెలలో పొంగలిచట్లవారనుటయే కాని యింటిపేరుతో పిలిచినవారు లేరు. ఆ పిలుపే తన పసుపుకుంకుమలతో సమానమైన సొమ్మని వెంగమ్మ నమ్మియుండెను.

అట్టి యింటికి మాఘమాసమునుండి యొక వింతయాపద పుట్టినది. సంతనాడు బేరము ముదురుచున్న వేళ కామాక్షమ్మ యను పెద్దింటి ముసలామె చంకలో నొక పులుసుచట్టిని పెట్టుకొని వచ్చి వెంగమ్మ యెదుట బోర్లించినది.

“చూడవే తల్లీ! ముప్పయ్యేళ్ళుగా నీకాడ కొంటుండా. ఇట్టాంటి చట్టిని నా జన్మలో చూళ్ళా. దీనికి అమ్మవారు పోసింది గదమ్మే!”

చట్టి వెలుపలిభాగమంతయు కందిబద్దలంతేసి పెల్లలు లేచిపోయి గుంటలు పడియుండెను. ప్రతి గుంట నడుమను ఆవగింజంత తెల్లని ఱాతిపలుకొకటి పొడిపొడిగా కనుపించుచుండెను. వెంగమ్మ దానిని తట్టి చూచినది. పదునైదు దినముల క్రిందట తన చేతిమీదుగా కంగుమని పోయిన చట్టి యిప్పుడు దగ్గుచున్న ముదుసలివలె పలికినది.

“పులుసంతా పొయ్యిలోకి కారిపాయె. దాన్ని చూసి మా కోడలు నవ్వె. చట్టికి బదులు చట్టి యిస్తావులే, ఆ నవ్వుకి బదులేమిస్తావు?” అని కామాక్షమ్మ దీర్ఘము తీసినది.

ప్రక్కన ఉల్లిగడ్డలమ్ము మనిషి ఊరకుండక “చట్లకి వేపమండలు కట్టక్కా, మూడో నీళ్ళకి తగ్గిపోద్ది” అనెను. నలుగురును నవ్విరి. నాటినుండి పొంగలిచట్లవారి సరకునకు మశూచికపు చట్లని పేరు పడినది.

ఈ మాట కొండకును ఎక్కినది. దేవస్థానపు ధర్మకర్త గురవయ్యను పిలిపించి స్వామి పొంగలిలో నొక్క మట్టిపెల్ల పడినను అపచారమగునని చెప్పి యీ యేడు పౌర్ణమికి మూడు దినములు ముందుగానే చట్లు కొండకు చేరవలెననియు వానిని నీటిలో నానవైచి పరీక్షింతుననియు ఒక్కటి చెడినను మఱియొక పల్లెవారికి ఆ సేవను అప్పగింతుననియు నిష్కర్షగా పలికెను. గడువు నెలదినములు. గురవయ్య యింటికి వచ్చి సారె ప్రక్కన కూలబడెను. వెంగమ్మ మాత్రము కూలబడలేదు. ఆమె మనసు అప్పటికే దోషిని వెదకి పట్టుకొనియుండెను.

గురవయ్య తమ్ముడు చెంగయ్య గడచిన ఆశ్వయుజమున జ్వరముచే మరణించెను. అతని భార్య మస్తానమ్మ పడమటి కొండల దాపునగల యొక కుమ్మరిపల్లె పడుచు. సంతానము లేదు. పుట్టింట అన్నలున్నారు గాని రమ్మన్నవారు లేరు. ఆమె యింటివెనుక గుడిసెలో నొదిగియుండి తలవంచుకొని చేతితోనే చిన్నచిన్న పిడతలు చేసెడిది. ఆ పిడతల యంచును బొటనవ్రేలితో కొంచెము వెలుపలికి త్రోయుటచేత వానినుండి నూనె పోసినను మజ్జిగ పోసినను ఒక్క చుక్కయు ప్రక్కకు జాఱెడిది కాదు. సంతలో ఆడువారు వెంగమ్మ పఱచిన చట్లను దాటి చేయి చాచి “ఆ ముక్కుపిడతలు ఏవే?” అని యడుగుచుండిరి. ఆ ప్రశ్న వెంగమ్మకు ముల్లయి గ్రుచ్చుకొనుచుండెను. మస్తానమ్మ నుదుట బొట్టు చెఱిగిన తరువాతనే గదా తన చట్లపై తెల్లబొట్లు పుట్టినవని ఆమె లెక్క. ఆ లెక్కను కాదనుటకు ఆమెకు కారణమేమియు కనబడలేదు. మనము నమ్మదలచినదానికి సాక్ష్యములు పిలువకయే వచ్చును గదా!

కార్తికమున సోది చెప్పు నొక తీర్థవాసి స్త్రీ వాకిటికి వచ్చి యింట నొక నీడ మట్టిపై పడుచున్నదని పలికియుండెను. తెల్లని ముగ్గురాతిని నత్తగుల్లలతో చేర్చి స్వహస్తముతో దంచి శుక్రవారము శుక్రవారము మట్టిగుంట చుట్టును గీటు గీసినచో ఆ నీడ దాటలేదని యుపాయమును చెప్పినది. ముగ్గు వాకిట పెట్టుటయే కాని మట్టిగుంట చెంత పెట్టుట ఆ పల్లెలో ఎన్నడును లేదు. వెంగమ్మ ఉపవాసముండి స్వామి నామము జపించుచు రోట దంచి మూడు మాసములుగా నొక్క వారమును తప్పక ఆ గీటు గీయుచుండెను. ఆమె భక్తియందు కపటము లేదు. ఆ భక్తి యెవరికెదురుగా కాపు కాయుచున్నదో ఆ మాట మాత్రము ఆమె స్వామితోనైనను పైకి చెప్పలేదు.

ఒకనాడు వేకువను నీళ్ళకు లేచిన వెంగమ్మ మట్టిగుంట వద్ద నెవరో వంగియుండుట చూచినది. మస్తానమ్మ గీటు లోపల గొంతుకూర్చుండి మట్టిని ముద్దముద్దగా చిదిపి ఏదియో వ్రేళ్ళతో తీసి కొంగున మూటగట్టుచుండెను.

“ఏంది మే, తెల్లారకముందే మట్టికాడ నీకేం పని?”

మస్తానమ్మ ఉలికిపడి లేచినది. “ఏంలేదక్కా. పలుకులు ఏరతన్నా.”

“ఏరేదానికి మీ బావ లేడా? ఈ యింట్లో చేతులన్నీ పడిపొయినయ్యా?”

మస్తానమ్మ తన కాలిక్రింది తెల్లని గీటువంక చూచినది. పిదప తోడికోడలి ముఖమువంక చూచినది. తల దించుకొని వెడలిపోయినది. తప్పు చేసినవారు తప్ప ఇట్లు తల దించుకొందురా యని వెంగమ్మ తలపోసినది. తప్పు చెప్పలేనివారును దించుకొందురని ఆమెకప్పుడు తోచలేదు.

నాటి మధ్యాహ్నము మస్తానమ్మ ఏటికి పోయినంతట వెంగమ్మ ఆమె గుడిసెలో దూఱి వెదకినది. చూరులో దోపిన యొక గుడ్డమూట చేతికి తగిలినది. విప్పి చూడగా తెల్లని పలుకులు, దోసెడు. కామాక్షమ్మ చట్టి గుంటలలో చూచిన పలుకులే. భయమును జయమును ఒక్కసారిగా వెంగమ్మను క్రమ్ముకొన్నవి. మూటను యథాస్థానమున నుంచి దొంగను పని చేయుచుండగానే పట్టవలెనని నిశ్చయించుకొన్నది.

ఆ సాయంకాలము భర్తకు అన్నము వడ్డించుచు మాట యెత్తినది.

“ఈ ఆవానికి అది మట్టి ముట్టగూడదు. చట్లు బాగుంటే తిరునాళ్ళు కాంగానే దాన్ని వాళ్ళన్నల కాడికి పంపీ.”

గురవయ్య ముద్ద చేతనుంచుకొని నవ్వవలెనో వలదో యని సంశయించెను. “తమ్ముడి పెళ్ళాన్ని తరిమి పొంగలి పెడితే స్వామి తింటాడంటనా?”

“తినేదానికి ముందు చట్టి ఉండాల గదయ్యా!”

గురవయ్య ఆ ముద్దను కంచమునకు దించి చేయి కడిగికొనెను. మస్తానమ్మకు సంగతి తెలిసినప్పుడు ఆమె యేడ్వలేదు. “సరే అక్కా. ఏరి పెట్టుకున్న మన్ను నా గుడిసె వెనకాల రవ్వంత ఉండాది. దాంతో నా పిడతలు నేను చేసుకుంటా. కాల్చేది మాత్రం మీ ఆవంలోనే కాల్చనియ్యి” అని మాత్రము కోరినది. వెంగమ్మకు అందును ఏదియో కుట్ర పొంచియున్నట్లే తోచినది. అయినను పరీక్షకు మంచిదే యని యొప్పుకొన్నది.

గుంటలోని మట్టికి వెంగమ్మ యిప్పుడు కన్ను వాల్పక కాపు కాచినది. ఒక్క గీటు చాలదని మూడు గీట్లు గీసినది. శుక్రవారము వఱకు ఆగక ప్రతి యుదయమును రోట ముగ్గురాయి దంచినది. తొందరలో దంచిన పొడి బరకగా నుండెను. గురవయ్య పారతో మట్టిని చెక్కునప్పుడు అంచులనున్న గీటును మట్టితోపాటు లోనికి లాగుచుండెను. త్రొక్కునప్పుడు పాదములకంటినది ముద్దలో కలియుచుండెను. చెఱిగిన గీటును చూచి వెంగమ్మ నీడ దాటినదేమో యని బెదరి మరల గీయుచుండెను.

నూటయెనిమిది చట్లు సారె దిగినవి. నీడనాఱినవి. జాజు పూసికొని యెఱ్ఱబడినవి. వానితోపాటు మస్తానమ్మ పిడతలు నలుబదియు ఆవమున చేరినవి. ఇవిగాక యింకొక పిడతపై ఆమె మూకుడు మూసి బంకమట్టితో మెత్తుట వెంగమ్మ చూచినది. ఎండుపిడకలును గడ్డియు ఒక పగలును ఒక రేయియు మండి చల్లాఱిన పిమ్మట వెలికి తీసి తట్టి చూడగా ప్రతి చట్టియు కంచుగంటవలె పలికినది. వెంగమ్మ కన్నుల నీరు నిండెను. స్వామీ, నీడ దాటలేదని మ్రొక్కినది. ధర్మకర్త పరీక్షను తామే ముందు చేయుదమని గురవయ్య చట్లతోపాటు పిడతలను నీట ముంచి తడిగోనెల క్రింద నుంచెను.

ఎనిమిదవ దినము మధ్యాహ్నమున గురవయ్య పొరుగూరికి పోయియుండెను. ఎండకు కాకి సయితము నోరు మూసికొన్న వేళ వెంగమ్మ చేటలో బియ్యము ఏఱుచు కూర్చుండగా గోనెల క్రిందనుండి చిటుక్కున నొక చప్పుడు వినవచ్చినది. తుమ్మకాయ ఎండకు చిట్లినంత చిన్న చప్పుడు. మరల నొకటి. మరల రెండు. చట్టి నాదమును ముప్పది యేండ్లుగా చదివిన యా చెవి యిప్పుడు ప్రతి పెల్ల యెగురుటను వేఱువేఱుగా వినగల్గెను. ఆమె గోనె నెత్తి చూచినది. నూటయెనిమిది చట్లకును మశూచికము పోసియుండెను. ప్రక్కనున్న పిడతలు నలుబదియు పసిపిల్లల చెక్కిళ్ళవలె నున్నగా నుండెను.

వెంగమ్మ కేక వేసి గుడిసెలోనికి పరుగెత్తి చూరులోని మూటను లాగి మస్తానమ్మ ముందఱ విసరినది. పలుకులు నేలపై చెదరినవి.

“చెప్పు! ఏం మంత్రం పెట్టినావు నా మట్టికి? నీకు కూడు పెట్టిన యింటికి గొయ్యి తవ్వినావు గదే!”

మస్తానమ్మ గుడిసె మూలకు పోయి బంకమట్టితో మూసిన పిడతను తెచ్చి మూకుడు తీసి ఆమె కెదురుగా నుంచినది. అందులో పిడికెడు పలుకులుండెను. చెంబుతో నాలుగు చుక్కలు నీరు పోసినది. పలుకులు సుయ్యిమన్నవి. ఆవిరి లేచినది. ఒక్కొక్క పలుకును పువ్వు విచ్చినట్లు విచ్చి ఉబ్బి పగిలి తమలపాకునకు రాయు తెల్లని సున్నమైనది.

“మంత్రం గాదక్కా, సున్నం. ఆవంలో కాలి మట్టిలో దాక్కుంటది. చెమ్మ తగిలినాక ఉబ్బి పెల్లని తోసేస్తది. చట్టి తట్టినప్పుడు తెలవదు.”

“నా మట్టిలోకి యాడినించి వచ్చింది?”

మస్తానమ్మ చూపు వాకిలి దాటి మట్టిగుంట వఱకు పోయి అచ్చట నిలిచినది. వెంగమ్మ ఆ చూపు వెంట నడచినది. మూడు గీట్లు ఎండలో తెల్లగా మెఱయుచుండెను. వంగి చిటికెడు తీసి వ్రేళ్ళ నడుమ నలిపినది. మెత్తనిపొడి రాలిపోయి పలుకులు మిగిలినవి. నాటి యుదయము తన చేత దంచబడినవే.

ఆ పలుకులను అరచేత పట్టుకొనియే వెంగమ్మ మరల గుడిసె వాకిటికి వచ్చినది. “నీకు తెలిసి గూడా... ముందే ఎందుకు చెప్పలా?”

“ఏమని చెప్పేదక్కా? ఆ గీటు ఎవురి కోసం గీసినావో నాకు తెలవదా? చెరపమంటే లోపలికి వచ్చేదానికి చూస్తుందంటావు. మా పుట్టింటికాడ మట్టిగుంటకి ఏడడుగుల లోపల ముగ్గు పెట్టనియ్యరు, పసుపునీళ్ళే చల్తారు. ఆ మాట నా నోట్నించి వస్తే నువ్వు నమ్మతావా? అందుకే ఏరుకుంటా కూర్చున్నా. ఏరినకొద్దీ నువ్వు గీస్తా ఉండావు.”

వెంగమ్మ గట్టుమీద కూర్చుండిపోయినది. తాను రక్షింపుమని వేడిన దినములన్నియు ఒకటొకటిగా కన్నులకు కట్టినవి. ఆపద వెలుపలినుండి వచ్చుచున్నదని కాచినది. కాచిన చేతినుండియే అది రాలుచున్నదని యే దేవుడైనను ఏల చెవిలో చెప్పలేదు? చెప్పియే యుండునేమో. వేకువజామున గీటు లోపల వంగియున్న యా మనిషి రూపముననే చెప్పియుండునేమో. తానప్పుడు చెవితో కాక కంటితో చూచినది.

సాయంకాలము గురవయ్య వచ్చి చట్లను చూచి నెత్తిన చేయి పెట్టుకొనెను. “ఇంకేముంది? పౌర్ణమి పదైదు నాళ్ళుండాది. అయిపాయె మన పేరు.”

వెంగమ్మ నోరు తెఱవబోయినది. అంతలో మస్తానమ్మ అడ్డుపడినది. “పాతగుంటలో గుల్లలు దిగినయ్ బావా. ఆ మన్ను పనికిరాదు. నా గుడిసె వెనకాల ఏరిన మన్నుంది, చూడు.”

రవ్వంత యని ఆమె చెప్పిన యా మన్ను గుడిసె వెనుక తడిగోనెల క్రింద నడుమెత్తు కుప్పగా నుండెను. రెండు మాసముల వేకువలన్నియు అందు ఇంకియుండెను. గురవయ్య పిడికెడు తీసి బొటనవ్రేలితో నలిపి చూచి మఱదలివంక చూచి సారె కడుగుటకు లేచెను. భర్త యెదుట తన గుట్టు కాచినది ఎవతెయో వెంగమ్మకు తెలియును. ఆ దయ ఆమెకు నిందకంటె బరువుగా నుండెను.

ఆవము పేర్చు దినమున పల్లెవారు చూడవచ్చిరి. మొదటి చట్టిని పసుపు పూసి ఆవమున నుంచుట ముత్తైదువ చేయవలసిన పని. నలుబది యేండ్లనుండి వెంగమ్మయే చేయుచుండెను. ఆమె పసుపు పూసినది. బొట్టు పెట్టినది. వెనుదిరిగి దూరముగా నిలిచియున్న మస్తానమ్మ చేతిలో ఆ చట్టినుంచినది.

“పెట్టు మే.”

“నేనా అక్కా? వద్దు. జనం చూస్తుండారు.”

“చూడనియ్యి. ఈ మన్నుని బతికించిన చెయ్యి ఏదో దానికి తెలుసు. పెట్టు.”

ఒకరిద్దఱు గుసగుసలాడిరి. ఒక ముదుసలి అపశకునమని గొణగినది. చట్టి ఆవమున చేరినది.

పౌర్ణమికి మూడు దినములు ముందుగా చట్లు కొండనెక్కినవి. ధర్మకర్త రెండు పగళ్ళు రెండు రాత్రులు వానిని నీట నానవైచి మూడవనాడు తానే యొక్కొక్కదానిని త్రిప్పి త్రిప్పి చూచెను. ఒక్క పెల్లయు లేవలేదు. పౌర్ణమినాడు కొండచరియయంతయు నూటయెనిమిది పొయ్యిలు వెలిగి క్రొత్తబియ్యమును పెసరపప్పును బెల్లమును ఉడుకు సువాసన గాలినిండ పొర్లుచుండగా గుంపులోనుండి కామాక్షమ్మ వచ్చి యొక చట్టిని పరికించి చూచినది.

“మచ్చయినా లేదే! మశూచికం ఎట్టా తగ్గింది వెంగమ్మా? వేపమండలు కట్టినావా?”

చుట్టునున్నవారు నవ్వుటకు సిద్ధమైరి. వెంగమ్మ యొక్క క్షణము మస్తానమ్మవంక చూచినది. ఆమె వలదన్నట్లు తల యాడించినది. గుల్లలు దిగినవని చెప్పినచో చాలును. అందఱును నమ్ముదురు.

“అమ్మవారు పొయ్యలేదమ్మా. పోసింది నేనే. ఈ మస్తానమ్మ నీడ మట్టిమీద పడగూడదని ముగ్గురాయి దంచి గీట్లు గీసినా. ఆ సున్నమే నా చట్లని తినింది. ఇది ఏరి పెట్టిన మన్నుతోనే ఈపొద్దు స్వామికి పొంగలి పొంగింది.”

నవ్వవలసినవారు నవ్వలేదు. గురవయ్య పొయ్యిలోని కట్టెను ముందుకు త్రోయుచు తల యెత్తి భార్యను చూచి మరల తల దించుకొనెను. కామాక్షమ్మ కొంగును నడుమున దోపుకొని మస్తానమ్మవంక తిరిగినది.

“సరేలే. సంతకి తెచ్చేటప్పుడు ముక్కుపిడతలు రెండు నాకు తీసిపెట్టు. మా కోడలు గూడా అడగతా ఉండాది.”

ఆ మీదట శనివారపు సంతలో తాటాకుపందిరి క్రింద ఇద్దఱు కూర్చుండుట జనులు చూచిరి. మట్టిగుంట చుట్టునున్న గీటును వెంగమ్మ తన చేతితోనే ఏడడుగుల మేర చెక్కి యెత్తి యేటిలో కలిపినది. చెడిన చట్లలో నొక్కదానిని మాత్రము పాఱవేయక వంటింట ఉప్పు పోసికొనుటకు ఉంచుకొన్నది. గుంటలు పడిన చట్టిలో ఉప్పేమిటని ఇరుగుపొరుగువారు అడిగినను ఆమె దానిని మార్చలేదు. ప్రతిదినమును స్వామికి దీపము పెట్టి వంటకు దిగి ఉప్పుకొఱకు చేయి చాచినప్పుడు ఆమె బొటనవ్రేలు చట్టి వెలుపలి గుంట నొకదానిని తాకి యందు ఒక్క నిమిషము నిలిచి పిదప లోనికి పోయెడిది.